ఝాన్సీ గొడ్డలి, సువార్త బిందె



"ప్రతివారం బరువైన విషయాలే రాస్తున్నారు మేడమ్, ఒక్కసారి సినిమాల గురించి రాయండి" అని కొందరు విద్యార్థులు అడిగారు. సరే, రాస్తున్నాను. కాకపోతే సినిమా తేలికైన విషయం అని మాత్రం అనుకోకండి. మన పల్లెల్లో పుస్తకం చేరని ఇంటికి కూడా సినిమా చేరింది. ఆడపిల్ల ఎలా నవ్వాలి, ఎలా నడవాలి, ఎవరి ముందు తల వంచాలి అని నేర్పిన పెద్ద బడి అదే. ఇప్పుడు ఆ బడి ఆడపిల్ల ఎలా కొట్టాలో కూడా నేర్పుతోంది. ఏం నేర్పుతోందో, ఏం దాచిపెడుతోందో ఈ వారం మాట్లాడుకుందాం.

2025లో మలయాళంలో డొమినిక్ అరుణ్ తీసిన సినిమా ఒకటి తెలుగులో 'కొత్త లోక' పేరుతో వచ్చింది. కల్యాణి ప్రియదర్శన్ అందులో హీరో. హీరోయిన్ అని రాయడం లేదు, ఎందుకంటే ఆ సినిమాలో ఫైట్లన్నీ ఆమెవే, కథ మొత్తం ఆమెదే. కేరళ జానపద కథల్లో కల్లియంకాట్టు నీలి అనే యక్షి ఉంది. ఆ నీలిని ఈ కాలపు బెంగళూరులో చంద్ర అనే అమ్మాయిగా చూపించారు. ఫ్లాష్‌బ్యాక్‌లో ఆమె అడవి జనం బిడ్డ. రాజుగారి మనుషులు ఆమె వాళ్ళను ఊచకోత కోస్తారు. ఆ రాత్రే ఆ పిల్ల మామూలు మనిషి కాకుండా పోతుంది, శక్తి వస్తుంది.

మా కాలేజీ పిల్లలు చాలామంది చూశారు. బి.ఏ. రెండో సంవత్సరం క్లాసులో స్త్రీవాద సాహిత్యం పాఠం నడుస్తుంటే చర్చ అటు మళ్ళింది. అబ్బాయిలు కూడా మెచ్చుకున్నారు. "ఇదే కదా మేడమ్ స్త్రీవాదం, అమ్మాయి ఒక్కతే అందర్నీ కొడుతుంది" అన్నాడొకడు. క్లాసులో నోరు విప్పని ఒకమ్మాయి చివరి బెంచీలోంచి మెల్లగా అంది: "మనిషిగా ఉన్నంతసేపూ ఏం చెయ్యలేకపోయింది గదా మేడమ్. మనిషి కాకుండా పోయాకే కొట్టింది."

నేను పి.హెచ్.డి. చేసిన అయిదేళ్ళలో చదివిన విమర్శ పుస్తకాల్లో ఇంత సూటి మాట అరుదుగా చూశాను. ఆ సినిమాలో మంచి లేదని ఆ అమ్మాయి అనలేదు. అడవి జనాన్ని చంపిన రాజ్యాన్ని విలన్‌గా చూపించినందుకు నేనూ ఆ సినిమాను గౌరవిస్తాను. ఆ అమ్మాయి అడిగింది వేరే ప్రశ్న. ఆడపిల్ల చెయ్యి ఎత్తడానికి సినిమా ఆమెకు ముందు ఏం ఇవ్వాల్సి వచ్చింది? ఏ పర్మిషన్ చూపిస్తే ప్రేక్షకులు ఆ దెబ్బను ఒప్పుకుంటారు?

మన తెలుగు సినిమాలు తీసుకుని ఆ పర్మిషన్లు లెక్కబెడదాం.

మొదటిది యూనిఫాం. 1990లో వచ్చిన 'కర్తవ్యం'. విజయశాంతి ఐపీఎస్ అధికారి వైజయంతి. ఆ పాత్రకు ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఒక తరం ఆడపిల్లలు ఆ సినిమా చూసి పోలీసు కావాలని కలగన్నారు, అది చిన్న విషయం కాదు. అయితే ఆ దెబ్బ వెనక ప్రభుత్వం ఉంది. లాఠీ ఆమెది కాదు, రాజ్యానిది. ఆ రాజ్యం లాఠీ మన పల్లెల్లోకి ఎప్పుడు, ఎవరి వైపు నిలబడి వస్తుందో నేను చెప్పక్కర్లేదు.

రెండోది రక్తం. 2009లో 'అరుంధతి'. గద్వాల సంస్థానం, జేజమ్మ. ఆ సినిమాలో చిన్నపిల్ల జేజమ్మ ఉంటుంది చూడండి, ఇంతలేసి కళ్ళతో పెద్దవాళ్ళను శాసిస్తుంది. థియేటర్లలో విజిల్స్ ఆ పిల్లకే ఎక్కువ పడ్డాయి. నాకూ ఆ పిల్ల ఇష్టమే. కానీ ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మాట శాసనం అయిందంటే అది ఆ గడిలో పుట్టింది కాబట్టి. అదే గడిలో అంట్లు తోమే మనిషి కూతురు అదే వయసులో అదే గొంతుతో మాట్లాడి ఉంటే? ఆ సీను ఎవరూ రాయలేదు. 2015లో 'రుద్రమదేవి' వచ్చింది. అక్కడ రాచరక్తం ఉన్నా సరిపోలేదు, సింహాసనం కోసం ఆడపిల్లను మగపిల్లాడిగా పెంచాల్సి వచ్చింది. 2017లో 'బాహుబలి' రెండో భాగంలో దేవసేన తన మీద చెయ్యి వేసినవాడి వేళ్ళు నరుకుతుంది. గొప్ప సీను. ఆమె కూడా కుంతల రాజ్యపు యువరాణి.

మూడోది దైవమో దెయ్యమో. అమ్మవారు పూనితే కొడుతుంది, పునర్జన్మ ఎత్తి కొడుతుంది, యక్షి అయి కొడుతుంది. మామూలు ఆడది మామూలు కోపంతో కొట్టింది అంటే నమ్మబుద్ధి కాదు కాబట్టి ఆ కోపాన్ని పై లోకం నుంచి అరువు తెస్తారు.

నాలుగోది మనకు ఇచ్చిన పర్మిషన్. అది అత్యాచారం. 1997లో దాసరి నారాయణరావు తీసిన 'ఒసేయ్ రాములమ్మా'. దొర కింద నలిగిన కులాల అమ్మాయి. దొర ఆమెను పాడు చేస్తాడు, ఆ తర్వాతే ఆమె తుపాకీ పడుతుంది. ఆ సినిమా పాటలు మా వాడలో పెళ్ళికీ చావుకీ మోగాయి. రాములమ్మను మా వాళ్ళు సొంత మనిషిలా చూసుకున్నారు. అది నేను తక్కువ చెయ్యను. కానీ ఈ వరస ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. గడిలో పుట్టిన పిల్లకు కోపం పుట్టుకతోనే వస్తుంది, దానికి కారణం చూపించక్కర్లేదు. పల్లెలో పుట్టిన పిల్లకు మాత్రం కోపం రావాలంటే ముందు ఒళ్ళు ఛిద్రం కావాలి. కూలి తగ్గించినందుకు కోపం రాదా? నీళ్ళు తోడుకోనివ్వనందుకు రాదా? మార్కులు తగ్గించి వేసినందుకు, "నీకెందుకే చదువు" అన్నందుకు రాదా? మన కోపానికి ఇన్ని కారణాలున్నాయి, సినిమా మాత్రం ఒక్కదాన్నే గుర్తిస్తుంది. ఆ ఒక్కదాన్ని కూడా కెమెరా దగ్గరగా వెళ్ళి చూపిస్తుంది.

కత్తి పట్టుకున్న అమ్మాయికి ఈ పర్మిషన్లు సరిపోకపోతే ఏమవుతుందో కూడా మన సినిమాలోనే ఉంది. 'బాహుబలి' మొదటి భాగంలో అవంతిక. ఆమె తిరుగుబాటు దళంలో యోధురాలు, ఒక లక్ష్యం ఉన్న మనిషి. హీరో ఏం చేస్తాడు? ఆమెకు తెలియకుండా చేతి మీద, భుజం మీద బొమ్మలు గీస్తాడు. ఆమె కత్తి తీసుకుని మీదికొస్తే పట్టుకుని జుట్టు విప్పుతాడు, బట్టలు మారుస్తాడు, రంగులద్దుతాడు. చివరకు నీటిలో ఆమె మొహం ఆమెకు చూపిస్తాడు. ఆమె మురిసిపోతుంది. ఆ తర్వాత ఆమె లక్ష్యం అతని లక్ష్యం అయిపోతుంది. 2015లోనే విమర్శకురాలు అనా ఎం.ఎం. వెట్టికాడ్ ఆ సీనును అవంతిక మీద జరిగిన అత్యాచారంగా చదివి ఇంగ్లీషులో వ్యాసం రాస్తే దేశమంతా గొడవ అయింది. "సినిమాను సినిమాగా చూడలేరా" అని తిట్టినవాళ్ళలో నాకు తెలిసిన అభ్యుదయ కవులు కూడా ఉన్నారు. నా ప్రశ్న ఒక్కటే. రెండో భాగంలో అవంతిక ఎక్కడుంది? వెతికితే గాని కనబడదు. ఆయుధం చేజారాక కథకు ఆమెతో పని లేదు.

ఇక 1985కు వెళ్దాం.

ఆ ఏడాది టి. కృష్ణ దర్శకత్వంలో 'ప్రతిఘటన' వచ్చింది. విజయశాంతి అందులో ఝాన్సీ, కాలేజీ లెక్చరర్. కాళీ అనే గూండాకు ఎదురు తిరిగి సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడుతుంది. వాడు ఆమెను నడివీధిలో వివస్త్రను చేస్తాడు. పాఠం చెప్పే క్లాసులోనే పిల్లలు ఆమెను హేళన చేస్తే ఆమె పాట రూపంలో నిలదీస్తుంది. చివరకు గొడ్డలి తీసుకుని కాళీని నరుకుతుంది. తెలుగులో స్త్రీ కేంద్రంగా వచ్చిన యాక్షన్ సినిమాలకు అదొక మైలురాయి. హిందీలో 'ప్రతిఘాత్' పేరుతో మళ్ళీ తీశారు. ఝాన్సీ కులం ఏమిటో సినిమా చెప్పదు. తెలుగు సినిమాలో కులం చెప్పలేదంటే ఏ కులమో మనకు తెలుసు.

అదే 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో ఒక మాదిగ స్త్రీ మంచినీళ్ళ కోసం చెరువు దగ్గరికి వెళ్ళింది. ఆమె పేరు మున్నంగి సువార్త. మాదిగలు తాగే నీళ్ళలో కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడుగుతున్నారు. అదేమని అడిగిన కుర్రాడిని కొడుతుంటే సువార్త అడ్డం వెళ్ళింది. ఆమె మీదికి కూడా చర్నాకోల లేచింది. ఆమె చేతిలో బిందె ఉంది. ఆ బిందె ఎత్తింది. అంతే.

ఆ బిందెకు యూనిఫాం లేదు, రాచరక్తం లేదు, పూనకం లేదు. సువార్త పునర్జన్మ ఎత్తలేదు. తాగే నీళ్ళు మురికి చేస్తే మనిషికి వచ్చే మామూలు కోపం, పిల్లాడిని కొడుతుంటే మనిషికి వచ్చే మామూలు తెగువ. సినిమావాళ్ళు ఏ పర్మిషన్ లేకుండా ఆడది కొడితే జనం నమ్మరని అనుకుంటారే, ఆ పని సువార్త పట్టపగలు చేసి చూపించింది.

మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద గొడ్డళ్ళతో, బరిసెలతో దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. జనం చీరాలకు పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ కేసులో సాక్షిగా నిలబడ్డ దుడ్డు అలీసమ్మను తర్వాత చంపేశారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి వాళ్ళు ముందుండి నడిపిన దళిత మహాసభ ఆ చీరాల పోరాటంలోంచే పుట్టింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనక కారంచేడు ఉంది. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు పట్టింది.

ఝాన్సీకి న్యాయం రెండున్నర గంటల్లో జరిగింది. గొడ్డలి దిగగానే తెర పడింది, చప్పట్లు కొట్టుకుంటూ బయటికొచ్చాం. సువార్తకు బిందె ఎత్తాక మర్నాడు వచ్చింది. ఆ మర్నాడు ఇరవై మూడేళ్ళు నడిచింది.

ఆడపిల్ల యాక్షన్ సినిమాల గురించి నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. సినిమా మన పిల్లకు దెబ్బ ఇస్తుంది, మర్నాడును దాచేస్తుంది. ఆ మర్నాడు ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అనేది తేల్చేది కులం.

ఇది నా థీసిస్‌లో దొరికిన సంగతి కాదు. మా అమ్మ చెప్పింది. అమ్మ పెళ్ళికి ముందు పొగాకు గ్రేడింగుకి పోయేది. ఒక శనివారం కూలి డబ్బులు చేతిలో పడగానే నలుగురు ఆడవాళ్ళు కలిసి 'ప్రతిఘటన'కు వెళ్ళారంట, నేల టికెట్టు. "అది నరుకుతుంటే మేం లేచి నిలబడి అరిచాం. మా మేస్త్రీని నరికినట్టే ఉంది. ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తుంటే దిగులేసింది" అని చెప్పేది. దిగులెందుకమ్మా అని అడిగితే, "నరికింది సరే. రాత్రి ఆ పిల్ల ఎక్కడ పడుకుంది? ఎవరన్నా తలుపు తీశారా? అది చూపించలా" అనేది. ఆ ఏడు కారంచేడు పేరు మా పల్లెల్లో గట్టిగా పలకడానికి కూడా భయపడే రోజులు. అమ్మ ఎవరి రాత్రి గురించి అడిగిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

లారా మల్వీ అనే విమర్శకురాలు 1975లో సినిమా కెమెరా మగవాడి కన్నుతో చూస్తుందని రాసింది. 1992లో నల్లజాతి స్త్రీవాది బెల్ హుక్స్ దానికి ఇంకోమాట జోడించింది. నల్లజాతి స్త్రీలు సినిమా చూసేటప్పుడు తెర చూపించినదాన్ని అలాగే మింగరు, ఎదిరిస్తూ చూస్తారు అంది. ఈ ఇద్దరి పేర్లూ మా అమ్మకు తెలియవు. నేల క్లాసులో కూర్చుని ఆమె చేసింది అదే పని.

"తెలుగు సినిమాలు వదిలెయ్యండి మేడమ్, ఇంగ్లీషు వాళ్ళు నయం కదా" అని పిల్లలు అడుగుతారు. 'హంగర్ గేమ్స్' పేరు ఎత్తుతారు. నిజమే, 2012లో వచ్చిన ఆ సినిమా మంచిది. కాట్నిస్ పదహారేళ్ళ పిల్ల, బొగ్గు గనుల ఊరి పేదపిల్ల. తండ్రి గనిలో చనిపోయాడు. ఇల్లు గడవడానికి దొంగచాటుగా వేటాడుతుంది. ఆమె బాణానికి రాచరక్తం అక్కర్లేదు, ఆకలి చాలు. మన నిర్మాతలు నేర్చుకోవాల్సింది అందులో చాలా ఉంది.

కానీ అందులో రూ అని ఇంకో చిన్నపిల్ల ఉంది. పన్నెండేళ్ళు. నల్లపిల్ల. తోటల్లో, పొలాల్లో జనాన్ని వెట్టిగా పనిచేయించే జిల్లా నుంచి వచ్చింది. చెట్ల మీద పక్షిలా కదులుతుంది, కాట్నిస్‌ను కాపాడుతుంది, చచ్చిపోతుంది. ఆమె చావు చూసి ఆమె జిల్లా జనం తిరగబడతారు. కాట్నిస్ మనసులో తిరుగుబాటు గట్టిపడేదీ ఆ శవం దగ్గరే. అంటే నల్లపిల్ల చావు తెల్లపిల్ల కథకు ఇంధనం అయింది. దానికి మించి, సినిమా విడుదలయ్యాక కొందరు ప్రేక్షకులు రూ నల్లపిల్ల అని తెలిసి ఏడుపు రాలేదని ట్విట్టర్‌లో రాసుకున్నారు. నవలలో రచయిత్రి ఆ పిల్లది నల్లని చర్మం అని స్పష్టంగానే రాసింది. చదివినప్పుడు వాళ్ళ కళ్ళు ఆ వాక్యం మీద ఆగలేదు. అమాయకమైన పిల్ల అంటే తెల్లపిల్లే అని ముందే నిర్ణయమైపోయింది వాళ్ళ లోపల. మన దగ్గర సినిమా పోస్టర్ మీద ఆడపిల్ల హీరో అనగానే ఏ రంగు, ఏ ముక్కు, ఏ ఇంటిపేరు మీ కళ్ళముందుకొస్తుందో ఒక్కసారి చూసుకోండి.

మరి మన కోపాన్ని మన లెక్కలో చూపించిన సీనే లేదా? ఉంది. 2018లో పా. రంజిత్ తీసిన 'కాలా'. రజనీకాంత్ సినిమాగా వచ్చింది కాబట్టి చాలామంది ఈ సీను దాటేశారు. ధారావి గొడవల్లో అంజలి పాటిల్ వేసిన పుయల్ అనే అమ్మాయిని పోలీసులు కొడుతూ ఆమె పైజామా లాగేస్తారు. ఆమె నేల మీద పాకుతుంది. ఒకవైపు ఆమె బట్ట పడి ఉంది, ఇంకోవైపు కర్ర పడి ఉంది. మనం చూసిన సినిమాలన్నిటి ప్రకారం ఆమె బట్ట అందుకోవాలి, ఏడవాలి, హీరో వచ్చి తన చొక్కా కప్పాలి. ఆమె కర్ర అందుకుంటుంది.

ఝాన్సీకి, పుయల్‌కి మధ్య ముప్పై మూడేళ్ళు ఉన్నాయి. ఝాన్సీ బట్ట పోతే మానం పోయిందని సినిమా అంతా దుఃఖించింది, ఆ దుఃఖంతోనే గొడ్డలి పట్టించింది. పుయల్ బట్ట పోయినా ఆమె మానం ఎక్కడికీ పోలేదు, సిగ్గుపడాల్సింది లాగినవాడు. ఈ తేడా తెలుసుకున్నవాడు పల్లె నుంచి వచ్చినవాడు కాబట్టే ఆ సీను తీయగలిగాడని నేను నమ్ముతాను. ఇంకో సంగతి, పుయల్ ఒంటరిది కాదు. ఆమె వెనక బస్తీ ఉంది. ఆ సినిమాలో మర్నాడు ఉంది.

ఇప్పుడు ఒక మర్నాడు చెబుతాను. ఊరు రాయను, పేరు రాయను, కాలేజీ రాయను. అడగకండి.

నేను పాఠం చెప్పిన పిల్ల. పంతొమ్మిదేళ్ళు. రోజూ బస్సులో వచ్చేది. పెద్దూరి కుర్రాడొకడు నెలల తరబడి వెనక నిలబడి ఒంటి మీద చెయ్యి వేసేవాడు. ఒకరోజు ఆ పిల్ల చేతిలోని స్టీలు క్యారేజీతో వాడి మొహం మీద కొట్టింది. పప్పు, అన్నం, వాడి ముక్కు నెత్తురు అన్నీ బస్సులోనే. ఎవరో ఫోన్‌లో తీశారు. సాయంత్రానికి దానికో సినిమా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ తగిలించి రీల్ చేశారు. వేల లైకులు. "లేడీ సూపర్‌స్టార్", "జేజమ్మ", "శివంగి" అని కామెంట్లు. స్త్రీవాదులమని చెప్పుకునేవాళ్ళు కూడా షేర్ చేశారు. ఆ పిల్ల మొహం మసకబరచాలని ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు వాళ్ళ నాన్న చేస్తున్న కౌలు పొలం గలాయన కబురు పంపాడు. వచ్చే సాలుకు పొలం వేరేవాళ్ళకు ఇస్తున్నానని. మూడో రోజు పల్లెలో ఆడవాళ్ళను మిరప కోతలకు పిలవలేదు. నాలుగో రోజు పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. "పిల్లకాయలు, తెలిసీ తెలియక చేశారు, ఇద్దరిదీ తప్పే" అన్నారు. ఆ పిల్ల కాలేజీ మానేసింది. రీల్ మాత్రం ఆగలేదు, నెల తర్వాత కూడా ఎక్కడో తిరుగుతూనే ఉంది.

నేను వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ మంచినీళ్ళు ఇచ్చి ఒక మాట అడిగింది: "అమ్మా, ఇది కొట్టింది తప్పా?" తప్పు కాదక్కా అన్నాను. "మరి పల్లె మొత్తానికీ పని పోయిందే?" అంది. ఆ పిల్ల గోడకానుకుని నిలబడి వింటోంది. ఆ ప్రశ్నకు ఏ సినిమాలోనూ డైలాగు లేదు.

తర్వాత జరిగింది రీల్‌కు పనికొచ్చే విషయం కాదు. పల్లెలో ఆడవాళ్ళు నాలుగు రాత్రులు కూర్చుని మాట్లాడుకున్నారు. తిట్టుకున్నారు కూడా. "మీ పిల్ల వల్ల మా కూలి పోయింది" అన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పొయ్యి మీద వాళ్ళకు బెంగ ఉండదా? చివరకు అందరూ ఒక మాట మీదకొచ్చి పక్క మండలానికి ఆటో మాట్లాడుకుని కోతలకు పోయారు. ఇద్దరు లాయరు మిత్రులు వచ్చి ఫిర్యాదు రాయించారు. ఎస్సీ, ఎస్టీ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం దళిత స్త్రీ ఒంటి మీద ఆమె ఇష్టం లేకుండా లైంగిక ఉద్దేశంతో చెయ్యి వేయడం నేరం. పని ఇవ్వకుండా, పొలం ఇవ్వకుండా వెలివేయడం కూడా అదే చట్టం కింద నేరం. సాక్షులకు, బాధితులకు రక్షణ అడిగే హక్కును 15ఎ సెక్షన్ ఇస్తుంది. విద్యార్థులు ఈ సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకోండి. అలీసమ్మను చంపిన దాదాపు ముప్పై ఏళ్ళకు గాని అది పుస్తకంలోకి ఎక్కలేదు.

స్టేషన్‌లో కేసు కట్టడానికి మూడుసార్లు తిప్పారు. కట్టారు. ఆ పిల్ల మళ్ళీ బస్సెక్కింది. మొదటి రోజు పల్లె నుంచి ఆమెతోపాటు ఏడుగురు ఎక్కారు, అందులో ఇద్దరు ముసలమ్మలు. కాలేజీలో ఏ పనీ లేకపోయినా వచ్చారు. గేటు దగ్గర దింపి తిరుగు బస్సుకు పోయారు. వారం రోజులు అలా చేశారు. ఆ పిల్ల పరీక్షలు రాసింది. కౌలు పొలం మాత్రం తిరిగి రాలేదు. కేసు నడుస్తోంది. ఇది గెలుపని నేను రాయను, ఓటమని కూడా రాయను.

ఒక్క మాట మాత్రం రాస్తాను. క్యారేజీతో కొట్టడానికి ఆ పిల్లకు ఒక్క క్షణం తెగువ కావాల్సి వచ్చింది. పల్లెకు పని పోయాక కూడా "కొట్టింది తప్పు కాదు" అని నిలబడడానికి ఆ పల్లె ఆడవాళ్ళకు నాలుగు రాత్రులు పట్టింది. నన్నడిగితే యాక్షన్ అంటే ఆ నాలుగు రాత్రులే. ఆ ముసలమ్మలు బస్సు మెట్లు పట్టుకుని ఎక్కడమే.

మన తెలుగు స్త్రీవాదంతో నాకున్న పేచీ కూడా ఇక్కడే ఉంది. వాళ్ళు మాకు చాలా ఇచ్చారు. 'మనకు తెలియని మన చరిత్ర' లేకపోతే తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ళ గొంతు మనకు వినపడేది కాదు. అయితే గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చేదాకా దళిత స్త్రీల రచనలు ఒక్కచోట చేరలేదు. ఎందుకు అన్నేళ్ళు ఆగాల్సి వచ్చిందో ఆలోచించండి. ఒంటరి ఆడది తిరగబడితే చప్పట్లు కొట్టడం సులువు. ఆమె వెనక పల్లె ఉందనీ, ఆ పల్లెకు పొలం లేదనీ, పొలం లేనందువల్ల ఆమె దెబ్బ ఖరీదు వేరనీ గుర్తించడం కష్టం. పొలం గురించి మాట్లాడని స్త్రీవాదం మా పిల్ల కొట్టిన దెబ్బకు లైకు కొడుతుంది, ఆమె బస్సులోకి మాత్రం ఎక్కదు.

కాబట్టి మన పిల్లలు యాక్షన్ సినిమాలు చూడొద్దని నేను అనను. చూడండి, విజిల్ వేయండి. తెర మీద ఒక ఆడపిల్ల మగాడిని గాల్లోకి లేపుతుంటే లోపల ఏదో తేలికవుతుంది, నాకూ అవుతుంది. తరతరాలుగా చెయ్యి దించుకున్నవాళ్ళకు ఆ చెయ్యి లేవడం చూడడం కూడా అవసరమే. చూసేటప్పుడు మూడు సంగతులు పట్టుకోండి. ఆమెకు కొట్టే హక్కు సినిమా ఎక్కడి నుంచి తెచ్చిచ్చింది? కొట్టకముందు ఆమె దగ్గర ఏం లాక్కుంది? కొట్టాక మర్నాడు ఆమె ఇంటికి ఎవరొచ్చారు? ఈ మూడింటికీ జవాబు రాసుకుంటే ఏ సినిమా ఎవరిదో తెలిసిపోతుంది. సినిమా తీయాలనుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీలో కొందరు ఇప్పటికే షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నారని తెలుసు. మీ కథను దెబ్బ దగ్గర ఆపకండి. మర్నాడు పొద్దుటి నుంచి మొదలుపెట్టండి.

నాకు తెలిసినంతలో సువార్త మీద ఒక్క యాక్షన్ సీను కూడా ఎవరూ తీయలేదు. తీయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వైర్లు అక్కర్లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఒక చెరువు కావాలి, ఒక బిందె కావాలి, ఆ బిందెను పైకెత్తడానికి మన పిల్ల ఒకతె కావాలి.

వచ్చేవారం పల్లెపాటల్లో తిట్టు గురించి మాట్లాడుకుందాం. అందాకా జై భీమ్.